దారంతో కోసిన గటక

మొన్న మే నెలలో మా బొగ్గుబాయి కాలనీలో యూనియన్ ఆఫీసు ముందర షామియానా వేసి మైకు పెట్టారు. వెనకటి పెద్ద యుద్ధంలో ఫాసిజం ఓడిపోయిన రోజట అది. మరిచిపోకుండా ఏటేటా చేసుకోవాలట. కార్యదర్శి పొద్దున్నే వచ్చి మా గడప ముందు నిలబడ్డాడు.

"అవ్వా, మీ ఆయన గా యుద్ధంల కొట్లాడి వచ్చినోడు. నువ్వు స్టేజీ మీద కూసోవాలె. నాలుగు మాటలు చెప్పాలె."

"యుద్ధం నేను జేసిన్నా బిడ్డా? నేనేం చెప్త?"

"మీ ఆయన నీకు చెప్పినయే చెప్పు. ఇంకేం వద్దు."

అక్కడే ఉంది నా కడుపుమంట. మా ఆయన నాకేమీ చెప్పలేదు. చెప్పవలసిందంతా ఇంకొక మనిషికి చెప్పుకున్నాడు. ఆ ఇంకొక మనిషి పోయిన చలికాలంలో ఖానాపూర్ దగ్గర తన ఊళ్లో చనిపోయాడు. ఇద్దరూ కలిసి నాకు దక్కవలసిన మాటలన్నీ మూట కట్టుకొని పోయారు.

నేను స్టేజీ ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో చివర చెబుతాను. మైకు ముందు చెప్పనిది ఇప్పుడు నట్టింట్లో కూర్చొని చెబుతుంటే పక్కింటి పంతులమ్మ రాస్తోంది. నా గొంతు మొరటుది, నాకు వచ్చిన అక్షరాలు నా పేరు వరకే. అక్షరాలు నువ్వు సరిచెయ్యి గానీ నా కోపాన్ని సరిచెయ్యకమ్మా అని ముందే చెప్పాను.

ఆ మనిషి పేరు ఇక్కడ రాయించను. కాలనీలో ఎవరికీ ఆయన పేరు తెలియదు కూడా. ఖానాపూర్ అన్న అనేవారు. నేనూ అన్నా అనే పిలిచాను, నోటితో. లోపల పిలిచిన పిలుపులు వేరే ఉన్నాయి. వాటిని పంతులమ్మ రాయనంటోంది.

ఏడాదికి ఒక్కసారి వచ్చేవాడు. అదీ వైశాఖపు ఎండల్లో, బొగ్గు కుప్పల మీది నుంచి వచ్చే గాలికి కళ్లు మండే రోజుల్లో. బస్సు దిగి, తారు కరిగిన రోడ్డు మీద ఉత్త కాళ్లతో నడిచి వచ్చేవాడు. చెప్పులకు గతిలేక కాదు. ఎడ్లున్నాయి, చెలక ఉంది. ఫౌజు నుంచి తిరిగొచ్చిన రోజు ఊరి పొలిమేరలో బూట్లు విప్పి వాగులో విసిరేశాడట. ఆ తరువాత కాలికి ఏమీ తొడగలేదు.

"కాళ్లు కాల్తలేవా అన్నా?" అని నేను అడగడం, ఆయన నవ్వడం ప్రతి ఏడూ ఉండేదే.

"కాల్తున్నయ్ చెల్లె. కాలాలె. కింద భూమి ఉన్నదని యాదికుంటది."

గోడకు వీపు ఆనించి, గుమ్మం కనబడేట్టు కూర్చునేవాడు. కొత్త మనిషి లోపలికి వస్తే ముందు కాళ్లు చూసేవాడు, తరువాత ముఖం. మొదట్లో నాకు అది తప్పుగా తోచింది. తరువాత అర్థమైంది. ఆయనకు మనిషి నడకలోనే తెలిసిపోయేవాడు. మా బాయి మీద ఒక సర్దార్ ఉండేవాడు. కూలీలను పేరు పెట్టి పిలిచేవాడు కాడు. కట్టె చాపి, ఏయ్ నువ్వు, ఏయ్ నువ్వు అని పొడిచినట్టు చూపించేవాడు. వాడు మా వాడకట్టులోంచి పోతుంటే ఖానాపూర్ అన్న కాళ్ల వంక చూసి మెల్లగా అన్నాడు.

"బూట్లు లేవు గని, నడక అదే."

అంతే. మా ఆయన పొలమారేట్టు నవ్వాడు. గోడను చేత్తో కొట్టి కొట్టి నవ్వాడు. నేను చెంబుతో నీళ్లు పట్టుకొని గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆ నవ్వు మా ఇంట్లో ఆ ఒక్క రోజే వినబడేది. ఏడాదంతా నేను వండి పెట్టి, బొగ్గు మసి బట్టలు ఉతికి, నడుముకు నూనె రాస్తే నాకు దొరికేది 'ఊ', 'ఆ'. ఈ ఉత్త కాళ్ల మనిషి ఒక్క మాట అంటే నవ్వు ధారగా కారేది. ఎవరికైనా మండదా?

మాది చొప్పదండి దిక్కు సాలెల ఇల్లు. చిన్నప్పుడే పెళ్లి చేశారు. నేను కాపురానికి పోకముందే యుద్ధం వచ్చి, మగ్గానికి నూలు దొరకక, ఆయన ఫౌజులో చేరి సముద్రం దాటి ఇటలీ దాకా పోయాడు. అక్కడ వంతెనలు కట్టే దళంలో ఖానాపూర్ అన్న కలిశాడు. యుద్ధం ముగిశాక వచ్చి బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. నేను కాపురానికి వచ్చాను. మొదటి ఏడే ఆ మనిషి వచ్చాడు. చేతిసంచిలో ఫౌజు వాళ్లిచ్చిన గిన్నె ఒకటి, నలుపలకలది, అంచులు సొట్టలు పోయినది.

చుట్టం వచ్చాడు కదా అని నేను కోడిని కోయించి సన్నబియ్యం వండాను. మా ఆయన పొయ్యి దగ్గరికి వచ్చి, "ఇయ్యాల మక్క గటక వండు" అన్నాడు.

"చుట్టానికి గటక పెడితే వాడకట్టు నవ్వదా?"

"గటకే కావాలె. గట్టిగ వండు."

మొక్కజొన్నలు విసిరి, రవ్వ జల్లించి, సంకటిలా తెడ్డుతో కలిపి కలిపి గటక వండాను. దాన్ని ఆ గిన్నెలో పోసి ఆరబెట్టారు. గడ్డ కట్టాక పీట మీద బోర్లించారు. మా ఆయన ఇంట్లో దాచుకున్న పాత నూలు కండె లోంచి మూరెడు దారం తీసి, రెండు కొసలూ వేళ్లకు చుట్టి, గటకను దారంతో కోశాడు. మూడు ముక్కలు. చేతితో ముద్ద చేసుకునే గటకను దారంతో కోయడం నేను ఎక్కడా చూడలేదు. ఒక ముక్కను చూరు మీద పెంకుల పైన పెట్టారు. పెత్రమాసనాడు పెద్దలకు పెట్టినట్టు, కాకి వచ్చేదాకా తల ఎత్తి నిలబడ్డారు. మిగిలిన రెండు ముక్కలూ అదే గిన్నెలో పెట్టుకొని ఇద్దరూ తిన్నారు. కోడికూర అట్లనే ఉండిపోయింది.

ఒక ముక్క నోట్లో పెట్టుకొని ఖానాపూర్ అన్న కళ్లు మూసుకున్నాడు. "ఆమె చేసినట్టు రాలే" అన్నాడు.

"రాలే" అన్నాడు మా ఆయన.

ఎవరామె? ఆ మూడో ముక్క ఎవరికి? నా గుండెలో ఆనాడు అంటుకున్న నిప్పు అది. అక్కడ, ఆ తెల్లవాళ్ల దేశంలో, మా ఆయనకు గటక వండి పెట్టిన దొరసాని ఎవరో ఉంది. ఏడాదికొకసారి ఆమె పేరున ముక్క తీసి పెడుతున్నారు. నాకు అంతే అర్థమైంది. ఆ మనిషి పోయాక నిలదీశాను.

"ఎవలామె?"

"వండినామె."

"ఎక్కడ?"

"ఆడ."

"ఎట్లుంటది?"

మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మరుసటి ఏడు మళ్లీ అదే గటక, అదే దారం, అదే మాట. ఆమె చేసినట్టు రాలే. నేను ఉప్పు మార్చాను, రవ్వ ముతకగా విసిరాను, సన్నగా విసిరాను. ఊరూ పేరూ తెలియని ఆడమనిషితో పొయ్యి ముందు కూర్చొని పందెం కట్టాను. గెలవలేదు.

తరువాత రజాకార్ల రోజులు వచ్చాయి. వాళ్లు ఖానాపూర్ అన్న ఊరి మీద పడి ఆయన ఇల్లు, గడ్డివాము కాలబెట్టారు. ఆయన పెళ్లాన్ని తల్లిగారింట్లో దింపి, తలదాచుకోవడానికి మా క్వార్టరుకు వచ్చాడు. మంటల్లోంచి తెచ్చుకున్నది ఆ గిన్నె ఒక్కటే. కొన్నాళ్లకు పోలీసు చర్య జరిగింది. రజాకార్లు పారిపోయారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అంతలోనే ఇంకొక గాలి లేచింది. ఇప్పుడు మన వంతు అని కట్టెలు పట్టుకొని కొందరు బయలుదేరారు. మా వరుసలో చివరి క్వార్టరులో ఒక సాయబు ఉండేవాడు. బాయిలోకి దిగేవాళ్లకు దీపాలు తుడిచి ఇచ్చే పని ఆయనది. ఈగకు అపకారం చేసినవాడు కాడు. ఒక మధ్యాహ్నం ఆయన గుమ్మం మీదికి మంది వచ్చి పడ్డారు. కొందరు మా కాలనీ వాళ్లే.

మా ఆయన కట్టె కోసం వెతుకుతున్నాడు. ఖానాపూర్ అన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. నా వైపు తిరిగాడు.

"చెల్లె, గటక ఉన్నదా?"

నాకు మతిపోయింది. "ఉన్నది. పొద్దటిది. గడ్డ కట్టింది."

"గడ్డ కట్టిందే కావాలె. పీట తీసుకొని రా. దారం మరువకు."

గిన్నె పట్టుకొని పోయి సాయబు గడప మీద అడ్డంగా కూర్చున్నాడు. పక్కన మా ఆయన. నేను పీట వేసి గటక బోర్లించాను. ఖానాపూర్ అన్న దారం వేళ్లకు చుట్టి, బట్టల దుకాణంలో కొలత చూసుకున్నట్టు అటూ ఇటూ చూసి, మెల్లగా కోశాడు. కట్టెలు పట్టుకున్నవాళ్లు కూడా మెడలు చాచి చూశారు. గటకను దారంతో కోసే మనిషిని వాళ్లూ చూడలేదు మరి.

"భాయ్, ఇటు రా. కూసో" అని సాయబును లోపలినుంచి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మూడో ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాడు. రెండేళ్లుగా చూరు మీదికి పోయిన ముక్క, నేను ఎవరో దొరసానిదనుకొని కాలిపోయిన ముక్క, మొదటిసారి బతికున్న మనిషి చేతికి పోయింది.

గుంపులోంచి ఒకడు అరిచాడు. "ఏందన్నా గిది? నీ ఇల్లు కాలవెట్టినోళ్లు వీళ్లే గదా!"

"నా ఇల్లు కాలవెట్టినోడు ఎవడో నాకెరుక. వాడు గీ ఇంట్ల లేడు."

"అందరొక్కటే."

"గిదే మాట ఇటలీల ఇన్న" అన్నాడు ఖానాపూర్ అన్న, ముక్క తుంచుకుంటూ. "ఆడ నల్ల అంగీలు, బూట్లు ఏసుకున్న ఫాసిస్టోళ్లు ఉంటుండె. బయటోళ్లు గాదు, గా ఊరోళ్లే. పలానోళ్లు మనోళ్లు గాదు, అందరొక్కటే అనుకుంట మొదలువెట్టిండ్రు. తర్వాత ఊరోళ్లే ఊరోళ్లను పట్టిచ్చిండ్రు. ఒక ముసలామె కొడుకులిద్దరిని గోడకు నిలవెట్టి కాల్చిండ్రు. మేం ముగ్గురం తడిసి ఆమె గుమ్మం ముందు నిలవడ్డం. నేను, గీ సాలాయన, ఒక పెద్దపల్లి సాయబు. మా రంగు సూడలే, మా దేవుడెవరని అడగలే. భూమిల పాతిపెట్టుకున్న మక్కలు తీసి గటక వండింది. మన గటకే! బల్ల మీద పోసి దారంతోని కోసింది. ముగ్గురికి మూడు ముక్కలు. తెల్లారి వంతెన కాడ మందుపాతర పేలి మా సాయబు పోయిండు. కొన్నొద్దులకే లడాయి అయిపోయింది. గా నాటి సంది మూడో ముక్క వానిది. ఇయ్యాల గీయనకు పెట్టిన. ఇప్పుడు చెప్పుండ్రి. నేను తిన్న గటక కక్కాల్నా?"

తింటున్న మనిషిని దాటి పోవడం మాలో లేదు. వాళ్లు ముగ్గురూ గడపకు అడ్డంగా కూర్చొని తింటున్నారు. ఎంత మెల్లగా తిన్నారంటే, ముక్క అయిపోవస్తుంటే ఖానాపూర్ అన్న నా వైపు చూసేవాడు, నేను ఇంకొంచెం తెచ్చి పెట్టేదాన్ని. నేను ఆ మంది నడుమ నుంచి గటక కుండ పట్టుకొని మా ఇంటికీ సాయబు ఇంటికీ తిరిగాను. ఒక్కడు దారి ఇవ్వకపోతే కుండ వాడి కడుపుకు ఆనించాను. అంగీకి మసి అంటింది, జరిగాడు.

అంతలో రెండో షిఫ్టు కూత మోగింది. గుంపులో సగం మంది బాయి కూలీలు. కూతకు పోకపోతే ఆ పూట పని పోతుంది. ఒకడు కట్టె గోడకు ఆనించాడు. ఇంకొకడు ఆనించాడు. వాళ్లు పోతే మిగిలినవాళ్లకు ధైర్యం పోయింది. సాయంత్రం ఆ కట్టెల కోసం ఎవరూ రాలేదు. నేను పొయ్యిలో పెట్టుకున్నాను.

కాలనీ అంతా ఖానాపూర్ అన్నను మెచ్చుకుంది. మంచిదే. మెచ్చుకోవలసిన మనిషే. కానీ నా బాధ వినండి. నేను రెండేళ్లు అడిగి అడిగి నోరు నొప్పి పుట్టిన కథ అది. మా ఆయన నాకు ఒక్కదానికి చెప్పవలసిన కథ. వాడకట్టు మొత్తంతో కలిసి, చేతిలో కుండ పట్టుకొని, మందిలో ఒకతెగా విన్నాను. దొరసాని కాదు, కడుపు కాలిన ముసలితల్లి అని తెలిసి సిగ్గుపడ్డాను, నిజమే. సిగ్గుపడ్డా మంట తగ్గలేదు. ఆమె మీది నుంచి దిగి ఖానాపూర్ అన్న మీదికి ఎక్కింది. ఆ గటక వండిందెవరని ఆ రోజు ఎవరూ అడగలేదు కూడా.

ఇంకొక ఏడు. గటకలో ఉప్పు ఎక్కువైంది. షిఫ్టు దిగి అలసి వచ్చిన మా ఆయన చెయ్యి లేపాడు. అది మా ఇంట్లో కొత్త కాదు. లేచిన చెయ్యి ఎన్నడూ ఊరికే దిగలేదు. ఖానాపూర్ అన్న గోడకు ఆనుకొనే ఉన్నాడు, లేవలేదు.

"అరే, బూట్లు విప్పినవనుకున్న గదరా" అన్నాడు.

మా ఆయన చెయ్యి దిగిపోయింది. మళ్లీ ఎన్నడూ లేవలేదు. నా వీపు ఖానాపూర్ అన్నకు రుణపడి ఉంది. అయినా చెబుతాను. నేను ఎన్నిసార్లు ఏడ్చినా, కాళ్లు పట్టుకున్నా దిగని చెయ్యి ఆయన ఒక్క మాటకు దిగింది. మొగుడు నావాడు, మాట వినేది ఆయనది. ఆ రాత్రి నాకు సంతోషం ఎంత కలిగిందో కుళ్లు అంత కలిగింది.

కొన్నేళ్లకు బాయిలో బండ కూలి మా ఆయన పోయాడు. ఆ మాట మీద నేను ఎక్కువ నిలబడను. ఆ ఏడు వైశాఖంలో ఇంక ఆ మనిషి రాడనుకున్నాను. వచ్చాడు. అవే ఉత్త కాళ్లు, అదే గిన్నె.

"ఆయనే లేడు. ఎవల కోసమొచ్చినవ్ అన్నా?"

"గా లడాయి అయిపోయిన రోజు ఉన్నది గదా చెల్లె. రోజు కోసమొచ్చిన. దారం ఉన్నదా?"

"ఆయనతోటే పోయింది."

కండె నా పెట్టెలో ఉంది. ఇవ్వబుద్ధి కాలేదు. ఆయన తన భుజం మీది తువ్వాల అంచు లోంచి ఒక పోగు లాగాడు. దాంతోనే కోశాడు. మూడు ముక్కల్లో రెండు చూరు మీదికి పోయాయి. ఒక్కటే కింద మిగిలింది. ఆయన అది నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు అడిగాను, పెళ్లయిన నాటినుంచి నాలుక చివర మోసిన మాట.

"ఆడ ఉన్నన్నొద్దులు మా ఆయన నా ముచ్చట ఎన్నడన్నా తీసిండా?"

ఆయన నోట్లో ముక్క అట్లనే ఉంచుకొని నవ్వాడు. "ఎన్నడన్నానా! నీ ముచ్చట వెడితే మేం బూటు విసిరేటోళ్లం. గంత సతాయించిండు."

"ఏమన్నడు?"

"ఏమన్నడంటే..." అని ఆగి, చూరు వైపు చూశాడు. కాకి ఇంకా రాలేదు. కళ్లు నిండాయి. "జర ఆగు చెల్లె. ముంగటి ఏడు చెప్త."

మరుసటి ఏడు అడిగితే ఆ మరుసటి ఏడు అన్నాడు. చెప్పబోయి, చూరు వైపు చూసి లేచిపోయేవాడు. చివరికి చెప్పకుండానే పోయాడు. నా మొగుడు నా గురించి చెప్పిన మాటలు కూడా ఆయన దగ్గరే ఉండిపోయాయి. పంతులమ్మా, ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

చనిపోయాడని ఖానాపూర్ నుంచి వచ్చిన బస్సు డ్రైవరు చెప్పాడు. దినాలు కాకముందే బయలుదేరి పోయాను. మనిషి ఎట్లాగూ దొరకడు, ఆ గిన్నె అయినా కళ్లతో చూడాలని. ఆయన భార్యను అదే మొదటిసారి చూడటం. గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. నన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

"నువ్వేనా బొగ్గుబాయి చెల్లెవు?"

"నేనే వదినా."

"సూడాలె సూడాలె అనుకున్న. గింతేనా!" అంది. "నేనింకా ఏం రంభవో అనుకున్న."

నేను ఆమె ముందర చాప అంచున కూర్చున్నాను.

"వైశాఖం వచ్చిందంటే మా ఆయన ధోతి ఉతికిచ్చుకునేటోడు. గిన్నె చింతపండు వెట్టి తోముకునేటోడు. నా మొఖం ఎన్నడన్నా గంత సక్కగ సూసిండా? ఏడాదంత మూగోడు. మీ ఇంటికి పోయొస్తే వారం రోజులు ముచ్చట్లే ముచ్చట్లు. ఒక్కనాడు రోషానికి నేనే గటక వండి గిన్నెల పోసిన. నోట్ల వెట్టుకొని ఏమన్నడు? బొగ్గుబాయి చెల్లె చేసినట్టు రాలే అన్నడు."

"ఏమన్నడు వదినా?"

"మళ్ల చెప్పాల్నా? ఆ చెల్లె చేస్తే అచ్చం గా ముసలామె చేసినట్టే ఉంటది అన్నడు. ఇన్నవా? కడుపు నిండిందా?"

నేను నవ్వాను. చావింట్లో, అందరూ చూస్తుండగా, కొంగు నోట్లో కుక్కుకొని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. "వదినా, నా ఇంట్ల కూసోని ఏనాడు గా మాట అనలే. ఆమె చేసినట్టు రాలే, ఆమె చేసినట్టు రాలే అని నన్ను ఇన్నేండ్లు కాల్చుకతిన్నడు."

ఆమె నా వంక అనుమానంగా చూసింది. తరువాత వేరే దిక్కు చూస్తూ అడిగింది. "మీ ఇంట్ల నా ముచ్చట తీసేటోడా?"

తీశాడు. నాకు గుర్తుంది. మా ఆయనతో చెబుతుంటే గుమ్మం వెనక నిలబడి విన్నాను. "మా ఇంటామె నడక ఎవలకు రాదు, చీమల బారు అడ్డమొస్తే సుత అవి పోయేదాక నిలవడుతది అన్నడు" అని చెప్పాను.

నడక గురించి ఆ మనిషి అంతకన్నా పెద్ద మాట ఎవరి మీదా అనలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ముఖం కొంగులో దాచుకుంది. "నాతోటి ఒక్కనాడు అనలే" అంది లోపలినుంచి. తరువాత పక్కన ఉన్న గిన్నెను ఒళ్లోకి లాక్కుంది. "గిన్నె మాత్రం ఇయ్య."

"నేను అడిగిన్నా?"

"నోరు అడగలే. నీ కండ్లు అడుగుతున్నయ్."

నిజమే. ఇయ్యనంటే ఇయ్యకపోయింది. ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

ఇప్పుడు మొన్నటి రోజుకు వస్తాను. కార్యదర్శి పిలిచి పోయాక చీర మార్చుకొని కూడా పొయ్యి మీద గటక పెట్టాను. అలవాటు. ఎవరికి వండుతున్నానో నాకే తెలియదు. మైకులో పాట మొదలైంది. వాకిట్లో నీడ పడితే తల ఎత్తాను. వదిన. ఎండకు ముఖం కందిపోయి, చేతిసంచి గుండెకు అదుముకొని నిలబడి ఉంది. సంచిలోంచి నలుపలకల అంచు కనబడుతోంది.

"దారం ఉన్నదా ఆడబిడ్డా?" అంది.

పెట్టె తెరిచి కండె తీశాను.

స్టేజీ మీది నుంచి మనిషి మాట్లాడుతుంటే మైకులో అంతా వినబడుతూనే ఉంది. ఏ దేశం ఏ దేశాన్ని గెలిచిందో చెప్పాడు. ఆ పురుగు ఇంకా చావలేదు, మన నడుమనే తిరుగుతోంది అన్నాడు. బాగానే చెప్పాడు. నాకు ఆ పెద్ద మాటలు రావు. నాకు వచ్చింది ఒక్కటే. ఎవడైనా నిలబడి పలానావాళ్లు మనవాళ్లు కారంటే నా చూపు ముందు వాడి కాళ్ల మీదికి పోతుంది.

గటక ఆరింది. వదిన గిన్నె బోర్లించింది. నేను దారం పట్టాను. మా ఇద్దరికీ రెండు. చూరు మీదికి పెద్దపల్లి సాయబుకు ఒకటి, మా ఆయనకు ఒకటి, మా అన్నకు ఒకటి. దారం చుట్టబోతుంటే వదిన నా చెయ్యి పట్టుకుంది.

"గా ముసలామెకు?"

"ఏ ముసలామెకు?"

"వండినామెకు. ఎన్నడన్నా పెట్టిండ్రా?"

నేను ఆలోచించాను. లేదు. అన్నేళ్లలో ఒక్క ఏడు కూడా లేదు. ఆమె పేరు చెప్పుకొని తిన్నారు, ఆమె చేతిని మెచ్చుకున్నారు, ఆమె పేరున ఒక్క ముక్క తీయలేదు.

"మగోళ్లు" అంది వదిన. "వండినామెను మరిచిండ్రు."

ఇంకొక ముక్క కోశాను. కొత్తగా కాపురానికి వచ్చిన నాటినుంచి నేను ఎవరి మీద పళ్లు నూరానో, ఆమెకు నా చేతులతో కోసి పెంకుల మీద పెట్టాను. ఇద్దరం తల ఎత్తి నిలబడ్డాం. కార్యదర్శి మైకులో నా పేరు పిలిచాడు. రెండోసారి కూడా పిలిచాడు. కాకి రాకముందు ఎట్లా కదులుతాను?

వచ్చింది. పెంకుల మీద వాలి, మెడ తిప్పి తిప్పి చూసింది. మా ఆయన ముక్కను దాటింది. అన్న ముక్కను దాటింది. సాయబు ముక్కనూ దాటి, చివరన ఉన్న ముసలామె ముక్కను ముక్కున కరుచుకుంది.

"సూసినవా వదినా," అన్నాను, "ఈడ సుత ముందు ఆమెనే."